ఎక్స్ విలువ వచ్చాక అసలు లెక్క

జులై నెల వచ్చిందంటే పాలమూరు పత్రికల్లో జూరాల జలాశయం అంకెలు రోజూ కనిపిస్తాయి. ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఇన్ని, నిల్వ ఇన్ని టీఎంసీలు అంటూ. అమరచింత, ఆత్మకూరు, గద్వాల హోటళ్లలో చాయ్ తాగుతూ ఆ అంకెలు చదివి "రేపటికల్లా నిండుతది" అనే రైతు ఉంటాడు. "కాదు, ఇయ్యాల రాత్రికే గేట్లెత్తుతరు" అని వాదించే రైతూ ఉంటాడు. తాము అలా అనుకోకపోయినా ఇద్దరూ చేసేది బీజగణితమే. ఎనిమిదో తరగతిలో రేఖీయ సమీకరణాలు అన్న పేరుతో చదివి, పరీక్ష కాగానే చాలామంది వదిలేసే లెక్క అది.

రేఖీయ సమీకరణం అంటే తెలియని రాశి ఒకటి ఉండి, అది వర్గం, ఘనం వంటి చిక్కులు లేకుండా ఒట్టిగా ఉండే సమీకరణం. దాన్ని సాధించడానికి ఒక్క నియమం తెలిస్తే చాలు: రెండు వైపులా ఒకే పని చేస్తే సమానత్వం చెడదు. ఎడమవైపు మూడు తీసేస్తే కుడివైపూ మూడు తీసేయాలి. ఒకవైపు ఐదుతో భాగిస్తే రెండోవైపూ ఐదుతో భాగించాలి. ఈ పని ఇప్పుడు ఫోను కూడా చేసిపెడుతుంది. బడిలో ఎక్స్ విలువ రాసి కింద గీత కొడితే మార్కులు పడతాయి. బయట మాత్రం ఆ గీత దగ్గరే పని మొదలవుతుంది. వచ్చిన అంకె దేన్ని గురించి చెబుతోంది, ఏ షరతు మీద చెబుతోంది, నమ్మి అడుగు వేయొచ్చా? ఇవి తేలేదాకా లెక్క సగమే అయినట్టు.

నిండడానికి ఎంతసేపు?

వనపర్తి జిల్లా అమరచింత మండలంలోని నందిమల్ల ఒడ్డు నుంచి ఆవలి గద్వాల ఒడ్డుకు కృష్ణ మీద కట్టిన ఆనకట్ట ప్రియదర్శిని జూరాల. 1981లో శంకుస్థాపన జరిగింది. ఆల్మట్టి, నారాయణపూర్ దాటి, భీమను కలుపుకొని తెలంగాణలోకి వచ్చిన కృష్ణకు ఇక్కడ ఇదే మొదటి పెద్ద జలాశయం. పూర్తి నీటిమట్టం 318.516 మీటర్లు, పూర్తి నిల్వ 9.657 టీఎంసీలు.

ముందు కొలతలు కుదరాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మొదటిది ప్రవాహ రేటు, రెండోది నీటి పరిమాణం. ఈ రెంటినీ నేరుగా కూడలేం. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి వంద కోట్లను 86,400తో భాగిస్తే 11,574 వస్తుంది. అంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ చేరినట్టు. ప్రాజెక్టుల దగ్గర పనిచేసేవాళ్లకు ఈ అంకె నోటికి వచ్చి ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జలాశయంలో 6.657 టీఎంసీలు ఉన్నాయి. పైనుంచి 60,000 క్యూసెక్కులు వస్తున్నాయి. విద్యుత్ కేంద్రానికి, కాలువలకు, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలకు కలిపి 25,000 పోతున్నాయి. నికరంగా మిగిలేది 35,000 క్యూసెక్కులు. 11,574తో భాగిస్తే రోజుకు 3.024 టీఎంసీలు. నిండడానికి పట్టే రోజులను 'రో' అనుకుంటే సమీకరణం ఇది:

6.657 + 3.024 × రో = 9.657

రెండు వైపులా 6.657 తీసేస్తే 3.024 × రో = 3. భాగిస్తే రో = 0.992. గంటల్లో చెబితే దాదాపు 23.8. రేపు ఇదే వేళకు జూరాల నిండుతుంది. హోటల్లో మొదటి రైతు అన్నదీ అదే. అయితే ఆ జవాబులో పైకి చెప్పని షరతు ఒకటి ఉంది: వచ్చే నీరూ పోయే నీరూ రేపటిదాకా మారకూడదు.

ఒకే జలాశయం, రకరకాల జవాబులు

అంకెలు మార్చి చూద్దాం. వానలు తగ్గాయి. ఇన్‌ఫ్లో 5,000, ఔట్‌ఫ్లో 12,000. నిల్వ మాత్రం అదే 6.657 టీఎంసీలు. నికరంగా 7,000 క్యూసెక్కులు తరుగుతున్నాయి, అంటే రోజుకు 0.605 టీఎంసీలు. ఇప్పుడు −0.605 × రో = 3. సాధిస్తే రో = −4.96. ఇక్కడికొచ్చాక చాలామంది పిల్లలు ఎక్కడో తప్పు చేశామనుకుని మొత్తం కొట్టేస్తారు. తప్పేమీ లేదు. ఇన్ని రోజుల తర్వాత నిండుతుందని కాకుండా, ఇవే ప్రవాహాలు ఇదివరకూ ఉండి ఉంటే సుమారు ఐదు రోజుల కిందట నిండుగా ఉండేదని ఈ రుణ సంఖ్య చెబుతోంది. ముందుకు అడిగిన ప్రశ్నకు లెక్క వెనక్కి చూసి జవాబిచ్చింది. ధనం, రుణం, సున్నాలతో లెక్కలు చేసే నియమాలను క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు ధనాన్ని ఆస్తిగా, రుణాన్ని అప్పుగా చూస్తూ రాసిపెట్టాడు. కాబట్టి రుణ సంఖ్య వస్తే కొట్టేయకుండా అది ఏ వైపు చూపిస్తోందో అడగాలి. ఇన్ని చీరలు నేయాలి, ఇంతమంది కూలీలు కావాలి అన్న చోట రుణ సంఖ్య వస్తే మాత్రం దానికి అర్థం లేదు. కాలం విషయంలో అర్థమున్న జవాబే మనుషుల సంఖ్య విషయంలో పనికిరాదు. ఆ తేడాను సమీకరణం చెప్పదు, మనమే చూసుకోవాలి.

ఇంకో రోజు 20,000 వస్తున్నాయి, 20,000 పోతున్నాయి. జలాశయానికి ఇంకా 3 టీఎంసీల కొరత ఉంది. సమీకరణం 0 × రో = 3 అవుతుంది. సున్నాను దేనితో గుణించినా మూడు రాదు. పుస్తకం దీన్ని "సాధన లేదు" అంటుంది. నది ఒడ్డున దాని అర్థం: ఈ తీరున ఎన్నాళ్లు నడిచినా జూరాల నిండదు. నిండాలంటే ఔట్‌ఫ్లో తగ్గించాలి, లేదా పైనుంచి నీరు పెరగాలి. సాధన లేకపోవడం కూడా ఒక జవాబే. ఏదో ఒకటి మార్చక తప్పదని అది చెబుతోంది.

జలాశయం అప్పటికే నిండుగా ఉండి, వచ్చినంతా వదులుతుంటే? అప్పుడు 0 × రో = 0. ఏ రోజు వేసినా సమీకరణం సరిపోతుంది. "అనంత సాధనలు" అని బల్లమీద రాసే మాటకు ఇక్కడి అర్థం, ఏ రోజు వచ్చి చూసినా జూరాల నిండుగానే ఉంటుందని.

అంకె సరే, షరతు నిలుస్తుందా?

వరద వేళ లెక్క తీరు మారుతుంది. ఇన్‌ఫ్లో మూడు లక్షల క్యూసెక్కులు అనుకుందాం. రోజుకు దాదాపు 26 టీఎంసీలు. చుక్క నీరు వదలకపోతే, పూర్తిగా ఖాళీ అయిన జూరాల నిండడానికి కూడా తొమ్మిది గంటలు పట్టదు. ఈ ఒక్క భాగహారంతో జూరాల స్వభావం అర్థమవుతుంది. కృష్ణ వరదను దాచుకునేంత పెద్ద పొట్ట దీనికి లేదు. అందుకే నిండేదాకా ఆగకుండా, పైన నారాయణపూర్ నుంచి ఎంత వదిలారో తెలియగానే ఇక్కడ గేట్ల లెక్క మొదలవుతుంది. హోటల్లో రెండో రైతు పట్టుకున్నది ఈ సంగతినే.

2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణ, తుంగభద్ర ఒకేసారి పొంగి కర్నూలునూ అలంపూర్ ప్రాంతాన్నీ ముంచెత్తాయి. దిగువన శ్రీశైలానికి చేరిన వరద ఉద్ధృతి 25 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్లింది. మన సూత్రంలో పెడితే రోజుకు 216 టీఎంసీలు. శ్రీశైలం పూర్తి నిల్వ ఇప్పటి లెక్కల ప్రకారం 215.81 టీఎంసీలు. ఒక్క రోజు వరదకు జలాశయమంతా సమానం! అయితే ఈ మాట చెప్పేటప్పుడు జాగ్రత్త కావాలి. 25 లక్షలు వరద పతాక స్థాయిలో నమోదైన అంకె. రోజంతా అంతే వచ్చిందని దాని అర్థం కాదు. ప్రమాదం ఎంత పెద్దదో ఈ గుణకారం చూపిస్తుంది, ఆ రోజు ఎన్ని టీఎంసీలు చేరాయో చూపించదు.

నీటిమట్టం విషయంలో ఇంకో మెలిక ఉంది. ప్రవాహం మారనంతకాలం నీటి పరిమాణం రోజులతోపాటు సమంగా పెరుగుతుంది. గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. మట్టం అలా పెరగదు. జలాశయం అడుగున ఇరుకు, పైకి వెళ్లేకొద్దీ విశాలం. కాబట్టి అడుగున ఒక మీటరు నిండడానికి చాలిన నీరు పైన మీటరుకు చాలదు. నిన్న మీటరు పెరిగింది కనుక ఇవాళా మీటరు పెరుగుతుందని లెక్క వేస్తే తేడా వస్తుంది. టీఎంసీలకు పనికొచ్చిన రేఖీయ సమీకరణం మీటర్లకు పనికిరాలేదు. ప్రశ్నలో ఒక్క మాట మారితే సమీకరణమే మారిపోవచ్చు.

కిందికి దించాలా, పైకి పెంచాలా?

యాసంగిలో సమస్య తిరగబడుతుంది. నీరు ఎప్పుడు నిండుతుందన్నది పోయి, ఎన్నాళ్లు వస్తుందన్నది మిగులుతుంది. కాలువకు వదలడానికి 2 టీఎంసీలు ఉన్నాయని, కాలువలో 800 క్యూసెక్కులు పారించాలని అనుకుందాం. 800 × రో = 2 × 11,574. రో = 28.9. బడిలో దగ్గరి పూర్ణాంకానికి సవరించమంటే 29 అని రాస్తాం. కాలువ దగ్గర 29 అని మాటిస్తే చివరి రోజు చివరి భూములకు నీరు అందదు. చెప్పాల్సింది 28. వారాబందీ పద్ధతిలో వారానికి నాలుగు రోజులు వదిలి మూడు రోజులు ఆపితే, 28 రోజుల నీరు ఏడు వారాలు వస్తుంది. పంటకు అంతకన్నా ఎక్కువ వారాలు తడి కావాలంటే ఈ సమీకరణంలో మనం మార్చగలిగింది ఒక్కటే: 800 అన్న అంకె. అంటే ఆయకట్టు తగ్గించాలి. యాసంగికి ముందు జరిగే చర్చలన్నిటి అడుగున ఉన్న లెక్క ఇదే. పైగా ఎండకు ఆవిరయ్యేది, కాలువ గట్లలో ఇంకేది, తాగునీటికి అట్టిపెట్టేది ఇందులో కలపలేదు. కలిపితే 28 ఇంకా తగ్గుతుంది, పెరిగే అవకాశం మాత్రం లేదు. జవాబు ఎంత అన్నదే కాదు, తప్పితే ఎటువైపు తప్పుతుందో తెలిసి ఉండటం కూడా పరిష్కారంలో భాగమే.

అమరచింతకు నీటి కంటే ముందునుంచీ పేరు తెచ్చింది నేత. నిజాం పాలన కింద ఆత్మకూరు రాజధానిగా సాగిన అమరచింత సంస్థానం సన్నని నూలు ధోవతులకు, తలపాగాలకు, జరీ పనికి పేరుపొందింది. గద్వాల చీరగా పిలిచే చీరను, నూలు ఒడలికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే చీరను, ఇప్పటికీ ఇక్కడి మగ్గాల మీద నేస్తారు. సమీకరణం జవాబును ఎటు సవరించాలో మగ్గం బాగా నేర్పుతుంది.

ఒక పడుగు పొడవు 25 మీటర్లు. మొదట్లో, చివర్లో కలిపి ఒక మీటరు వృథా. రవికె గుడ్డతో కలిపి చీరకు 6.3 మీటర్లు. ఎన్ని చీరలు వస్తాయి? 6.3 × చీ + 1 = 25. చీ = 3.81. నాలుగుకు దగ్గరగా ఉన్నా వచ్చేవి మూడే. 0.81 చీరను ఎవరూ కొనరు. ఇక్కడ కిందికే దించాలి. అదే మగ్గానికి రూ.26,000 పెట్టి జకార్డు పరికరం బిగించారు. దానివల్ల ఒక్కో చీరకు రూ.1,200 అదనంగా మిగులుతోంది. పెట్టుబడి ఎన్ని చీరలకు తిరిగి వస్తుంది? 1,200 × చీ = 26,000. చీ = 21.67. ఇరవై ఒకటో చీరకు ఇంకా రూ.800 బాకీ ఉంటుంది, ఇరవై రెండోదానితో తీరుతుంది. ఇక్కడ పైకే పెంచాలి. (ఈ ధరలు, కొలతలు లెక్క కోసం వేసుకున్నవి.) భిన్నం వస్తే ఎటు సవరించాలన్న నియమం అంకెలో లేదు. అడిగిన ప్రశ్నలో ఉంది.

అనుభవమున్న నేతగాడు మొదటి లెక్క ఇలా వేయడు. నాలుగు చీరలు నేయాలని ముందే అనుకుంటాడు, 6.3 × 4 + 1 కట్టి 26.2 మీటర్ల పడుగు వేస్తాడు. సమీకరణం అదే, తెలియనిది మాత్రం చీరల సంఖ్య నుంచి పడుగు పొడవుకు మారింది. ఏది తెలియని రాశి అన్నది పుస్తకం నిర్ణయించేది కాదు. మన చేతిలో మార్చగలిగింది ఏదో దానికే ఆ స్థానం ఇవ్వాలి.

భిన్నం అర్థం రాశిని బట్టి మారడం పాత సంగతే. సుమారు క్రీ.పూ. 1550 నాటి ఈజిప్టు రైండ్ పపైరస్‌లో ఒక లెక్క ఉంది: ఒక రాశికి అందులో ఏడో వంతు కలిపితే 19 అవుతుంది, ఆ రాశి ఎంత? జవాబు పదహారు, ఒక సగం, ఎనిమిదో వంతు. రాశి ధాన్యమైతే జవాబు నిక్షేపంగా ఉంది. ఎద్దులైతే అలాంటి మంద లేదనే చెప్పాలి.

కూలికా, సొంతానికా?

రెండు దారుల్లో ఏది లాభమన్న ప్రశ్న సమీకరణాలకు అచ్చొచ్చిన చోటు. ఒక నేతగాడు షావుకారుకు కూలికి నేస్తే చీరకు రూ.3,500 వస్తుంది, నూలు, పట్టు, జరీ షావుకారువే. సొంతంగా నేస్తే సరుకు ఖర్చులు పోను చీరకు రూ.5,000 మిగులుతుంది, కాని నెలకు రూ.4,000 వడ్డీ కట్టాలి. నెలకు ఎన్ని చీరల దగ్గర రెండూ సమానం?

3,500 × చీ = 5,000 × చీ − 4,000

సర్దితే 1,500 × చీ = 4,000. చీ = 2.67. ఎవరూ 2.67 చీరలు నేయరు. అయినా ఈ అంకె చాలా విలువైనది, ఎందుకంటే అది సరిహద్దు. నెలకు రెండు చీరలే అయితే కూలికి రూ.7,000, సొంతానికి రూ.6,000, కూలే నయం. మూడు నేస్తే కూలికి రూ.10,500, సొంతానికి రూ.11,000. గ్రాఫులో రెండు రేఖలు కలిసే బిందువుకు నిత్య జీవితంలో అర్థం ఇదే: ఆ బిందువుకు ఇటు ఒక నిర్ణయం, అటు ఇంకో నిర్ణయం.

ఈ రకం లెక్కను సాధించే సూత్రం మన దగ్గర 1,500 ఏళ్ల కిందటే ఉంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గణితపాదం ఇలా చెబుతుంది: ఇద్దరి దగ్గర ఒకే రకం వస్తువులు వేర్వేరు సంఖ్యలో, డబ్బు వేర్వేరు మొత్తాల్లో ఉండి, ఇద్దరి ఆస్తీ సమానమైతే, డబ్బుల తేడాను వస్తువుల తేడాతో భాగించాలి, వస్తువు విలువ వస్తుంది. మన లెక్కలో 4,000ను 1,500తో భాగించింది సరిగ్గా ఆ పనే. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు వ్యాపారం, వడ్డీ, పంపకాల లెక్కలతో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు చేశాడు. మల్లన రాజరాజ నరేంద్రుని కాలం వాడని కొందరు పండితుల అభిప్రాయం. తెలుగులో మనకు దొరికిన తొలి గణిత గ్రంథం బతుకు లెక్కల పుస్తకమే కావడం గమనించాలి.

మళ్లీ మగ్గం దగ్గరికి వద్దాం. మార్కెట్ కాస్త పడి చీర మీద మిగులు 5,000 నుంచి 4,200కు దిగిందనుకుందాం. అప్పుడు 700 × చీ = 4,000, చీ = 5.71. మిగులు రూ.800 తగ్గితే సరిహద్దు మూడు చీరల నుంచి ఆరుకు పోయింది. ఒక మగ్గం మీద నెలకు ఆరు చీరలు దిగవనుకుంటే, బీజగణితం ఇచ్చిన జవాబు మనిషి చేరుకోలేని చోట ఉన్నట్టు. మిగులు ఇంకా పడి 3,500 దగ్గర ఆగితే 0 × చీ = 4,000. జలాశయం దగ్గర చూసిన "సాధన లేదు" ఇక్కడికీ వచ్చింది: ఎంత నేసినా సొంత నేత కూలిని అందుకోలేదు. అందువల్ల 2.67 అన్న జవాబుతోపాటు ఇంకో మాట కూడా నేతగాడికి తెలియాలి. మిగులు ఎంతదాకా పడితే ఆ జవాబు నిలుస్తుంది? ఆ మాట లేకుండా 2.67 చూసి అప్పు తెచ్చుకుంటే సమీకరణం చెప్పనిదాన్ని చెప్పిందనుకున్నట్టే.

జవాబును నాలుగు ప్రశ్నలు అడగండి

రేఖీయ సమీకరణానికి విలువ రాగానే ఈ నాలుగు అడగాలి. దీని కొలత ఏమిటి: రోజులా, టీఎంసీలా, రూపాయలా? ఈ అంకె జరగగలిగేదేనా: రుణ సంఖ్య, భిన్నం, హద్దు దాటిన విలువ అయితే దాని అర్థమేమిటి? భిన్నమైతే పైకా, కిందికా? చివరిగా, మారదని మనం అనుకున్నది మారితే జవాబు ఎంత కదులుతుంది? వీటికి సూత్రాలు లేవు. నీరు తెలిసినవాడు, మగ్గం తెలిసినవాడు ఇక్కడ లెక్కల మాస్టారికి పాఠం చెప్పగలడు.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక మనవి. పిల్లలు విలువ కనుక్కున్నాక దాని కింద ఒక్క తెలుగు వాక్యం రాయించండి: ఈ అంకె ఏం చెబుతోంది, ఎప్పుడు చెల్లదు అని. సాధించినందుకు ఎన్ని మార్కులు ఇస్తారో ఆ వాక్యానికీ అన్ని మార్కులు ఇవ్వండి. సాధించే పని యంత్రాలు మనకన్నా వేగంగా చేస్తున్న ఈ రోజుల్లో పిల్లలకు తప్పక నేర్పాల్సింది ఆ వాక్యమే.